దమ్ములో ట్రాక్టరు వెనుక ఇరుసుకు బలము



కాలువలకు నీరు వదలిన నాటినుండి నాట్లు ముగియువరకు కంకిపాడు ప్రాంతమున ట్రాక్టరుకు విరామము ఉండదు. ఆ కొద్ది దినములలో వెనుక ఇరుసులోని క్రౌను గేరు విరిగినచో బండి చేను మధ్యనే నిలిచిపోవును. నారు ముదురును, పిలిచిన కూలీలు తిరిగిపోవుదురు, అదను దాటును. ఇట్టి నష్టము జరిగిన పిమ్మట చాలమంది విజయవాడ ఆటోనగరుకు పోయి "ఈసారి గట్టి సామాను వేయండి" అందురు. గట్టి సామాను మంచిదే. కాని దానిని విరుచుచున్న బరువు ఎచటినుండి వచ్చుచున్నదో తెలిసికొనక వేయించిన సామాను మరల విరుగును. కనుక మొదట ఆ సంగతి చూతము.

డిఫరెన్షియల్ చేయు పని

కళ్ళములో పశువులచే ధాన్యము తొక్కించుట పెద్దలెరుగుదురు. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా నడచును, చివరి ఎద్దు వడివడిగా నడువవలెను. ట్రాక్టరు మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రముల సంగతియు ఇంతే. రెండు చక్రముల నడుమ 1.4 మీటర్ల దూరమున్నదనుకొనుడు. గట్టువద్ద వెనుకకు మళ్ళునప్పుడు వెలుపలి చక్రము లోపలి దానికంటె సుమారు 4.4 మీటర్లు ఎక్కువ నడువవలెను. ఈ తేడాకు వీలు కల్పించునది డిఫరెన్షియల్. 1820ల చివర ఫ్రాన్సులో పెక్యూర్ అను యంత్రశిల్పి ఆవిరిబండి కొరకు దీనికి పేటెంటు పొందెను.

దీనికొక లోపము కలదు. కాడికి నడుమ పోలుగఱ్ఱ కట్టియుండును గదా! ఒక ఎద్దు లాగనిచో రెండవదాని బలము కాడిని వంకరగా త్రిప్పుటకే సరిపోవును. అటులనే ఒక చక్రము బురదలో పట్టులేక తిరిగినచో, గట్టినేలపై నున్న రెండవ చక్రమునకు కూడ అంత కొద్ది బలమే అందును. దీనిని సరిచేయుటకే డిఫరెన్షియల్ లాకు అమర్చిరి. అది రెండు చక్రములను ఒకటిగా బిగించును.

విరుగుటకు కారణములు

1. ఒక చక్రము వేగముగా తిరుగుచుండగా లాకు నొక్కుట. ఆగియున్న గేరుకు తిరుగుచున్న గేరు సమ్మెటవలె తగులును. క్లచ్చి నొక్కి, చక్రము ఆగిన పిదప మాత్రమే లాకు వేయవలెను.

2. లాకు వేసి మలుపు తిరుగుట. పైన చెప్పిన 4.4 మీటర్ల తేడాకు దారి లేక షాఫ్టులు, పళ్ళు మెలిపడును. గట్టు చేరకముందే లాకు తీయవలెను.

3. ఒక చక్రమును చాలసేపు ఊరక తిప్పుట. అప్పుడు లోపలి చిన్న పినియన్లు తమ పిన్నుపై మిక్కిలి వేగముగా తిరుగును. నూనె పొర తెగి పిన్ను అరిగిపోవును, ఒక్కొక్కప్పుడు పట్టివేయును.

4. అధిక బరువు. చక్రము జారుట కొంతవరకు ఇరుసుకు రక్షణ. టైరులో నీరు నింపి, బరువులు తగిలించి, ఇనుప దమ్ముచక్రములు కట్టినకొలది పట్టు పెరుగును. జారవలసిన చక్రము జారదు, ఆ భారమంతయు గేర్లపై పడును. టైరు ప్రక్కన కట్టు చక్రము ఎంత వెలుపలికి పోయిన, ఇరుసు బేరింగుపై వంపుభారము అంత హెచ్చును.

జారుడు కొలుచుట సులభము. టైరుపై సుద్దతో గుర్తుపెట్టి, పనిముట్టును ఎత్తి 10 చుట్లు నడిపి దూరము కొలువుడు. తరువాత అదే నేలలో పనిచేయుచు 10 చుట్లు కొలువుడు. మొదటిది 40 మీటర్లు, రెండవది 34 మీటర్లు అయినచో జారుడు నూటికి 15. మెట్టదుక్కిలో నూటికి 10 మొదలు 15 వరకు జారుట సరియైనది. బొత్తిగా జారనిచో బరువు ఎక్కువైనదని గ్రహింపుడు. దమ్ములో ఇంతకంటె ఎక్కువ జారుట సహజము. రోటవేటరు తన బలమును పి.టి.ఓ. నుండి పొందును గనుక లాగుడు తగ్గి డిఫరెన్షియల్‌కు శ్రమ తగ్గును.

నీరు – నూనె

గట్టి గేరునైనను బురదనీరు తినివేయును. ఇరుసుపెట్టెకు గాలి రంధ్రము ఒకటి ఉండును. అది మట్టితో పూడినచో, వేడెక్కిన పెట్టె చేనినీటిలో చల్లారునప్పుడు లోపలి గాలి కుంచించుకొని సీళ్ళ గుండా నీటిని పీల్చును. దమ్ము కాలములో ప్రతిదినము ఆ రంధ్రమును శుభ్రపరుపుడు. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినట్లే. వెంటనే మార్చి సీలు వేయించుడు. నూనె దింపునప్పుడు ప్లగ్గు అయస్కాంతముపై మెత్తని పొడి ఉన్న భయము లేదు, ఇనుప పెళ్ళలు ఉన్నచో పెట్టె విప్పించుడు. బ్రేకులు నూనెలో మునిగియుండు ట్రాక్టర్లకు మాన్యువల్‌లో చెప్పిన నూనె తప్ప వేరు గేరునూనె పోయరాదు.

బలమైన సామాను వేయించునప్పుడు

క్రౌను, పినియన్ ఒకదానితో నొకటి రాపాడించిన జత. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది వేయరాదు. మీ మోడలుకు తయారీదారులు రెండు పినియన్లకు బదులు నాలుగు పినియన్ల డిఫరెన్షియల్ ఇచ్చుచున్నచో అది మేలు. ఒక్కొక్క పినియన్‌పై భారము సుమారు సగమగును. బేరింగుల బిగువును, పళ్ళ సందును మాన్యువల్ ప్రకారము గేజితో కొలిచి పెట్టించుడు. పళ్ళకు రంగు పూసి త్రిప్పి చూపుమని మేస్త్రీని అడుగుడు. ఒత్తిడి గుర్తు పంటి నడుమ పడవలెను, అంచున పడినచో ఎంత ఖరీదైన గేరైనను చిట్లును. బోల్టులు అసలు గ్రేడువే వాడి టార్కు పానాతో బిగింపించుడు.

డిఫరెన్షియల్‌ను వెల్డింగుచేసి శాశ్వతముగా బిగింపరాదు. ప్రతి మలుపు ఇరుసుకు దెబ్బయగును. విరిగిన పళ్ళకు వెల్డింగు పెట్టినను ఆ వేడికి ఉక్కు పైపొర గట్టితనము పోవును. మరియొక సంగతి: డిఫరెన్షియల్ ఒక్కటే బలపడినచో భారము తరువాతి బలహీనమైన షాఫ్టునకో, చివరి గేరుకో మారును.

ఊబిలో దిగినప్పుడు

ఇచట సామాను కాదు, ప్రాణమే పోవచ్చును. దిగిన చక్రములకు దుంగ కట్టి ముందుకు నడుపరాదు. చక్రము తిరుగలేనప్పుడు ఇంజను బలము ట్రాక్టరునే ఇరుసు చుట్టు లేపును. ముందు చక్రములు రెప్పపాటులో పైకెగసి బండి డ్రైవరుపై తిరుగబడును. మోకును గాని గొలుసును గాని ఇరుసుకు పైన కట్టి లాగించుట కూడ ఇంతే ప్రమాదము. చక్రముల వెనుక మట్టి త్రవ్వి, తక్కువ గేరులో మెల్లగా వెనుకకు తీయుడు. రానిచో పనిముట్టు విప్పి, వేరొక ట్రాక్టరుతో పొడవైన గొలుసుతో లాగింపుడు. ఆ సమయమున ఎవరును గొలుసు దగ్గర నిలువరాదు.

నీరు వదలుటకు నెల ముందే నూనె, సీళ్ళు, గాలి రంధ్రము, లాకు పెడలు చూపించుకొనుడు. లాకు ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో మీ డ్రైవరుకు చేనిలోనే చూపింపుడు. ఖరీదైన గేరు కొనుటకంటె ముందు చేయవలసిన పని ఇది.