రైటు సోదరుల గాలిపెట్టె

1901వ సంవత్సరము ఆగస్టు మాసమున, అమెరికా తూర్పుతీరమునందలి కిట్టీహాకు ఇసుకదిబ్బల నుండి ఇద్దరు అన్నదమ్ములు నిరుత్సాహముతో ఇంటిదారి పట్టిరి. పెద్దవాడు విల్బరు రైటు, చిన్నవాడు ఆర్విల్ రైటు. తమ జీవితకాలమున మానవుడు ఆకాశమున ఎగురజాలడని విల్బరు ఆ ప్రయాణమున తమ్మునితో అనెను. అప్పటికి అతనికి ముప్పదినాలుగేండ్లు.

వారు డేటను పట్టణమున సైకిళ్ళ దుకాణము నడుపుకొనువారు. కళాశాలలో చదివినవారు కారు. ఇంజను లేక గాలిలో తేలు గ్లైడరులను తామే చేసి, గాలి బాగుగా వీచు ఆ తీరమున పరీక్షించుచుండిరి. ఎగురుటను గూర్చి ఆనాడు పేరుపొందిన పట్టికలు జర్మనీ దేశీయుడగు లిలియెంతాలువి. అతడు 1896లో గ్లైడరుతో కూలి మరణించెను. ఆ పట్టికలను నమ్మి సోదరులు 22 అడుగుల రెక్కలతో గ్లైడరును నిర్మించిరి. లెక్కప్రకారము దానిని పైకెత్తవలసిన బలములో మూడవ వంతు మాత్రమే పుట్టెను. పైగా ఒక ప్రక్కకు త్రిప్పబోగా ఒక్కొక్కప్పుడు మరియొక ప్రక్కకు తిరుగుచుండెను.

ఇట్టి సమయమున కొందరు పని మానుదురు. కొందరు అదే పనిని అదే విధముగా మరల మరల చేయుదురు. ఈ రెండవదానిని మనము పట్టుదల యని పొగడుచుందుము. కాని ఆ గ్లైడరును మరి నూరు మారులు ఎగురవేసినను ఫలితము మారెడిది కాదు.

ఇల్లు చేరిన పిదప సోదరులు, తప్పు తమ పనితనమున నున్నదా, నమ్మిన లెక్కలలో నున్నదా యని విచారింపసాగిరి. మొదట లిలియెంతాలునే అనుమానించిరి. ఆరడుగుల పొడవుగల కొయ్యపెట్టెను చేసి, దాని కొనయందు పంకాను అమర్చి, లోపల గాలి పారునట్లు చేసిరి. రంపపు బ్లేడుల ముక్కలతోను, సైకిలు స్పోకుల తీగతోను సున్నితమైన త్రాసులను కల్పించిరి. చిన్న చిన్న రేకు రెక్కలను రెండువందలకు పైగా ఆ గాలిలో నిలిపి, ఏ వంపునకు ఎంత బలము పుట్టునో చూచి వ్రాసికొనిరి.

అప్పుడు తేలినదేమి? లిలియెంతాలు పట్టిక చాలవరకు సరియైనదే! గాలి ఒత్తిడిని గణించుటకు పదునెనిమిదవ శతాబ్దినుండి చెల్లుచున్న మరియొక అంకెలో పెద్ద తప్పుండెను. అది 0.005 కాదు, ఇంచుమించు 0.0033. నిడుపైన సన్నని రెక్కలే మేలైనవనియు వారు తెలిసికొనిరి.

1902లో చేసిన 32 అడుగుల రెక్కల గ్లైడరు లెక్కకు తగినట్లు పైకి లేచెను. అయినను మలుపు తిరుగునపుడు ఒక్కొక్కమారు ప్రక్కకు జారి ఇసుకలో గ్రుచ్చుకొనుచుండెను. సోదరులు దీనికి ‘నూతి త్రవ్వకము’ అని వేళాకోళముగా పేరుపెట్టిరి. ఒకరాత్రి నిద్రపట్టక ఆలోచించిన ఆర్విల్, కదలని తోకను కదలు చుక్కానిగా మార్చవలెననెను. దాని తీగలను రెక్కలను మెలిపెట్టు తీగలతో జోడింపవలెనని విల్బరు చేర్చెను. ఆ దోషమును ఇట్లు అదుపులోనికి తెచ్చిరి.

మరుసటియేట ఇంజను అమర్చిరి. 1903 డిసెంబరు 14న విల్బరు యంత్రమును మిక్కిలి నిక్కించుటచే అది మూడున్నర సెకనులలో నేలకు దిగెను. విరిగినవానిని బాగుచేసికొని, 17వ తేదీన మరల పూనుకొనిరి. ఆర్విల్ 12 సెకనులలో 120 అడుగులు ఎగిరెను. నాలుగవసారి విల్బరు 59 సెకనులు గాలిలో నిలిచి 852 అడుగులు సాగెను. తన జీవితకాలమున జరుగదని అతడు పలికి అప్పటికి రెండేండ్ల నాలుగు నెలలే!

ఆనాడే పెనుగాలి వీచి యంత్రమును దొర్లించి ముక్కలు చేసెను. సోదరులు భోజనము చేసి, నడచిపోయి, తండ్రికి తంతివార్త పంపిరి. దారిలో ఎచ్చటనో పొరపాటు దొర్లి, 59 సెకనులు అను మాట ఆయనకు 57 అని చేరెను.