అమ్మమ్మ ముఖానికి ఏ మార్కర్?
ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. వాళ్ల అమ్మమ్మ బొమ్మ గీసి, పెట్టెలో ‘స్కిన్’ అని రాసి ఉన్న మార్కర్‌తో ముఖం నింపింది. తీరా చూసి ‘ఈమె మా అమ్మమ్మ కాదు’ అని ఏడుపు. ఆ పెన్ను లేత గులాబీ రంగులో ఉంది. మా ఇంట్లో అందరం చామనఛాయే. ఏ రంగులు కొనాలి?
– ఒక తల్లి, చిలకలూరిపేట

జవాబు: మీ పాప చూపు సరైనదేనమ్మా, తప్పంతా పెన్ను మీద రాసిన పేరుది. ఇది మన దగ్గరే వచ్చిన ఇబ్బంది కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఇలాంటి లేత రంగునే ‘ఫ్లెష్’ అని అమ్మేది. 1962లో ఆ పేరు తీసేసి ‘పీచ్’ అని పెట్టింది. 2020లో లోకంలోని రకరకాల మేనిఛాయలకు సరిపోయేలా 24 క్రేయాన్ల పెట్టె తెచ్చింది.

మీరు ‘స్కిన్’ అన్న మాట వెతక్కండి. బ్రౌన్‌లోనే లేత, నడి, ముదురు రంగులు మూడు తీసుకోండి. వాటికి ఇటుక ఎరుపు ఒకటి, లేత ఊదా ఒకటి కలపండి. ఈ అయిదుతో మన ఊళ్లో ఎవరి బొమ్మయినా వేయొచ్చు.

పగటిపూట వసారాలో అమ్మమ్మను కూర్చోబెట్టి, బొమ్మ వేయబోయే కాగితం ముక్క మీదే ఈ రంగులు పూయించండి. ఆరాక ఆమె చెంప పక్కన పెట్టి చూడమనండి. తడి మీద ముదురుగా కనిపించే సిరా ఆరాక తేలిపోతుంది, అందుకే తొందర వద్దు. ట్యూబులైటు కింద చూస్తే రంగు మోసం చేస్తుంది. ముఖం తర్వాత ఆమె చెయ్యి కూడా చూడమనండి. ఎండ తగిలిన ముంజేయి ఒక రంగు, మోచేతి మడత లోపల ఇంకో రంగు, వేళ్ల కణుపులు ముదురు, అరచెయ్యి లేత. ఒంటికి ఒకటే రంగు ఉండదని పాపకు అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. స్కెచ్ పెన్నులతో ముఖం నింపితే చారలు చారలుగా కనిపిస్తోంది. మళ్లీ దిద్దితే కాగితం లేచిపోతోంది. ఆల్కహాల్ మార్కర్లు కొనమంటారా?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: నీళ్ల సిరా ఆరాక దాని మీద ఇంకో గీత పడితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. తడిసిన కాగితాన్ని పదే పదే రుద్దితే పీచు లేస్తుంది. ఆల్కహాల్ సిరా అయితే కింద ఆరిన పొరను మళ్లీ కరిగించి దానితో కలిసిపోతుంది. నున్నటి బుగ్గకు అదే కావాలి. కాకపోతే అది కాగితం వెనక్కి దిగుతుంది, మామూలు షీటు మీద అంచులు దాటి పాకుతుంది. నున్నగా, మందంగా ఉన్న కాగితం వాడి, కింద ఒక చిత్తు కాగితం వేసుకోండి.

పెద్ద సెట్టు కొనొద్దు. అందులో ఒంటిరంగుకు పనికొచ్చేవి కొన్నే. విడిగా దొరికితే మూడు బ్రౌన్లతో మొదలుపెట్టండి. జపాన్ వాళ్ల కోపిక్ మార్కర్ల మీద ‘ఇ’ అక్షరం మట్టి రంగులకు గుర్తు. చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. ఇ33, ఇ35, ఇ37 ఒకే వరుసలోవి. అంత ఖరీదు పెట్టలేకపోతే వేరే కంపెనీలో ఇదే వరుస వెతకండి.

ముందు లేత రంగు ముఖమంతా వేయండి, మెరిసే చోట్లు మాత్రం వదిలేయండి. తర్వాత నడి రంగు, ఆ తర్వాత ముదురు. చివర్లో రెండు రంగులు కలిసే అంచు మీద మళ్లీ లేత పెన్ను నడిపితే గీత కరిగిపోతుంది. మార్కర్ సిరా పారదర్శకం. కింద ఉన్న తెల్ల కాగితమే మీ వెలుగు, ఒకసారి పోగొట్టుకుంటే తిరిగి రాదు. వీలైతే రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు (1897–1925) నీటిరంగుల చిత్రాలు దగ్గరగా చూడండి. తెలుగు స్త్రీల మేనిఛాయను ఆయన ఎంత ప్రేమగా గమనించారో తెలుస్తుంది.

స్కెచ్ పెన్నులే ఉన్నాయంటే ప్లాస్టిక్ మూత మీద సిరా రుద్ది, తడి బ్రష్‌తో తీసుకుని మందపాటి కాగితం మీద పూయండి. చారలు రావు.

ప్రశ్న: మన ఎండలకు మార్కర్లు త్వరగా ఎండిపోతున్నాయి. ఎలా దాచాలి?
– ఒక గృహిణి, బాపట్ల

జవాబు: మూత టక్కుమనే దాకా నొక్కండి. రెండు కొసలున్న పెన్నుల్ని పడుకోబెట్టి ఉంచండి. కిటికీ పక్కన, ఎండలో నిలిపిన బండిలో వదలొద్దు. పూర్తయిన బొమ్మ కూడా ఎండ తగిలే గోడకు వద్దు, సిరా వెలిసిపోతుంది.

ప్రశ్న: కల్లంలో మిరపకాయలు ఏరే కూలీల బొమ్మ పిల్లలతో వేయిస్తున్నాను. నీడకు నలుపు వాడితే ముఖాలు మసి పూసినట్టు వస్తున్నాయి.
– డ్రాయింగ్ మాస్టారు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, నల్ల పెన్ను పక్కన పెట్టించండి. కల్లంలో తాలుకాయలు ఏరుతూ వంగి కూర్చున్న మనిషికి వెలుగు పైనుంచే కాదు, కిందనుంచీ వస్తుంది. ఎర్రటి రాశి మీద పడిన ఎండ ఎగిరి గడ్డం కిందా, ముక్కు కిందా, ముంజేతుల లోపలి వైపూ పడుతుంది. అక్కడ ముందు ఇటుక ఎరుపు, దాని మీద ముదురు బ్రౌన్ వేయించండి. ఆకాశం వైపు తిరిగిన నీడలో లేత ఊదా కలపండి. తలకు చుట్టిన తువ్వాలు నీడ నుదుటి మీద ఎంతవరకు దిగిందో చూపించండి. అదే పత్తి చేను అయితే ఒడిలో ఉన్న పత్తి తెల్లటి వెలుగు పైకి కొడుతుంది, గడ్డం కింద నీడ పలచబడుతుంది.

నల్లని ఒంటి మీద మెరుపు స్పష్టంగా ఉంటుంది. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక దగ్గర లేత రంగును అలాగే వదలండి. చెమట మెరిసే చోట తెల్ల జెల్ పెన్నుతో ఒక్క చుక్క చాలు. పిల్లల్ని ఒకసారి కల్లానికి తీసుకెళ్లండి. అక్కడి అమ్మల్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే గీయించండి.

ప్రశ్న: పెళ్లి జంటల బొమ్మలు వేసి సంపాదిస్తున్నాను. ‘అమ్మాయిని కాస్త ఎర్రగా వెయ్యి బాబూ’ అంటారు. కాదంటే బేరం పోతుంది.
– ఒక యువ చిత్రకారుడు, అద్దంకి

జవాబు: ఒంటిరంగు మార్చొద్దు తమ్ముడూ, వెలుగు పెంచు. అమ్మాయిని పొద్దుటి ఎండ వైపు తిప్పి గీయి. ఆమె సొంత రంగు మీదే నుదురు, చెంపలు వెలిగేలా చెయ్యి. చామనఛాయ పక్కన పసుపు, మెరూన్ చీరలు, బంగారం ఎంత నిండుగా కనిపిస్తాయో నీ పాత బొమ్మల్లో చూపించు. చాలామంది అడిగేది అందం, దానికి వాళ్లకు తెలిసిన మాట ‘ఎరుపు’. ముందే ఒక చిన్న నమూనా వేసి, పెద్దవాళ్ల కంటే ముందు ఆ అమ్మాయికే చూపించు. తనను తనలా వేసిన బొమ్మను ఆమె ఒప్పుకుంటే ఇంట్లో సగం పని ఆమే చేస్తుంది. అయినా ఒప్పుకోని బేరం ఒకటీ అరా పోతుంది, పోనీ. పదేళ్ల తర్వాత ఆమె బిడ్డ ఆ పటం చూసి ‘ఇది మా అమ్మే’ అనాలి. నీకు డబ్బిచ్చేది ఆ పోలిక కోసమే.