జీతపు డబ్బుతో చిత్రనిర్మాణం: నగేశ్ కుకునూర్

అడిక్‌మెట్‌కు ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులలో చలనచిత్ర దర్శకులెవరని అడిగితే మనం శ్యామ్ బెనెగల్ పేరు చెప్పి ఊరుకుంటాము. ఇక్కడ కెమికల్ ఇంజనీరింగు చదివి, విదేశంలో కొలువు చేస్తూ దర్శకుడైన మరొకరి కృషిని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

1967లో హైదరాబాదులో జన్మించిన నగేశ్ కుకునూర్ జార్జియా టెక్‌లో ఉన్నతవిద్య ముగించి, అట్లాంటాలో పర్యావరణ ఇంజనీరుగా పనిచేశారు. ఆ రోజులలోనే నటనలో, దర్శకత్వంలో శిక్షణ పొందారు. కూడబెట్టిన జీతంతో స్వస్థలానికి వచ్చి ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. 1998లో వెలువడిన ఆ చిత్రానికి కథ, దర్శకత్వం, ప్రధానపాత్ర, పెట్టుబడి అన్నీ ఆయనవే. చిత్రీకరణ 17 దినాలు. వ్యయం సుమారు 17 లక్షల రూపాయలు. కోట్లు ధారపోసే పరిశ్రమకు ఇది నవ్వులాటగా తోచి ఉండవచ్చు.

అమెరికాలో 12 సంవత్సరాలు గడిపి ఇంటికి వచ్చిన యువకుని పెళ్ళిగొడవే ఇందులోని కథ. పాత్రలు ఎక్కువగా ఇంగ్లీషులో, నడుమ హిందీలో, తెలుగులో మాట్లాడుతాయి. శుద్ధభాషావాదులకు ఇది రుచించదు. ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో చదివే మన పాఠకులకు మాత్రం వింతగా తోచదు. “ఇది ఏ భాషాచిత్రం? ఎక్కడ అమ్మాలి?” అని నిర్మాత అడిగి తీరుతాడు. జీతపు డబ్బు ఆ ప్రశ్న వేయదు. ఆయన స్వాతంత్ర్యానికి మూలం ఇదేనని మా అభిప్రాయం.

ఈ మార్గంలో నడిచినవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి 1967లో అమెరికా చేరిన హైలే గెరిమా హోవర్డ్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ చిత్రాలు తీశారు. బానిసత్వంపై తీసిన ‘సంకోఫా’ను (1993) పంపిణీదారులు తీసుకోకపోగా, తానే థియేటర్లు అద్దెకు తీసుకొని ప్రదర్శించారు. ఆయన అక్కడే నిలిచిపోయారు, నగేశ్ తిరిగివచ్చారు.

తిరిగివచ్చినది బొంబాయి పరిశ్రమకు. మూగచెవిటి ముస్లిం పల్లెయువకుడు ఫాస్ట్ బౌలర్ కావాలని తపించే ‘ఇక్బాల్’ (2005) జాతీయ పురస్కారం పొందింది. అయితే దాని నిర్మాణం సుభాష్ ఘాయ్ సంస్థది. ‘ధనక్’ 2015లో బెర్లిన్ ఉత్సవంలో బాలల చిత్రాల విభాగంలో బహుమతి గెలిచింది. ఇంత కృషి చేసిన హైదరాబాదీ నుండి పూర్తి తెలుగుచిత్రం ‘గుడ్ లక్ సఖి’ 2022లో గాని రాలేదు. మొదటి చిత్రానికీ దానికీ నడుమ 24 సంవత్సరాలు.