బెల్లు కొట్టాక పావుగంట

సాయంత్రం చివరి బెల్లు కొట్టగానే టీచర్ల చేతులు బండి తాళాల మీదికి పోతాయి. బెజవాడ నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ పిల్లలందరూ వెంటనే ఇళ్లకు పోరు. గుడివాడ, బందరు, ఉయ్యూరు, చల్లపల్లి దారులు కలిసే చోటు మా పామర్రు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు బస్సు వేళయ్యేదాకానో ఆటో నిండేదాకానో వరండాలోనే ఉంటారు. ఆ పావుగంట వాళ్ల దగ్గర ఊరికే కూర్చోండి. టీచరుగానే కాదు, మనిషిగా కూడా ఎదగడానికి నేను నమ్మి చెప్పే అలవాటు ఇదే.

పుస్తకం వద్దు, పేపర్ల కట్ట వద్దు, ఫోను సంచిలో ఉండాలి. మార్కుల మాట ఎత్తొద్దు. పెద్దయ్యాక ఏమవుతావని అడగొద్దు. ఊడ్పులు ఎంతదాకా వచ్చాయో, కాలవకు నీళ్లొదిలారో లేదో అడగొచ్చు. ఏమీ అడగకపోయినా ఫర్వాలేదు. మొదట్లో పిల్లలు అనుమానంగా చూస్తారు, ఎవరిమీదో ఫిర్యాదు వచ్చిందనుకుంటారు. అయినా లేవకండి. అందరికీ కనబడే చోట, నలుగురి మధ్య కూర్చోండి. ఒక్కరినే పక్కకు పిలిచి మాట్లాడొద్దు.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పాఠం చదవమంటే తల దించుకునేవాడు. ఒక సాయంత్రం వాడే మొదలుపెట్టాడు: ‘రాత్రి మా గేదె ఈనింది సార్.’ దూడ తల లోపల పక్కకు తిరిగిపోవడం, తాతయ్య దాన్ని సరిచేస్తుంటే తను టార్చి పట్టుకోవడం, బయటికొచ్చాక దూడ ముక్కులో జిగురు తుడవడం, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు. ‘ఇదంతా రాసి తీసుకురా’ అనాలని నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అనుంటే అదీ హోంవర్కు అయిపోయేది. కొన్నాళ్లకు లెక్కల క్లాసులో చేయెత్తి ‘అర్థం కాలేదు సార్’ అన్నాడు. పాతికమంది ముందు అర్థం కాలేదని చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలో టీచర్లకు వేరే చెప్పాలా?

నాకిది తేలిగ్గా అలవడలేదు. బోర్డు ముందు గంటసేపు మాట్లాడగలను, పనేమీ లేకుండా నలుగురు పిల్లల మధ్య కూర్చోవాలంటే ఇప్పటికీ లోపల ఏదో తొందర. ఇంటికెళితే ఒక కట్ట పేపర్లు దిద్దుకోవచ్చు కదా అని మనసు పీకుతూనే ఉంటుంది. ఆ తొందరతో రోజూ తలపడుతూనే కూర్చుంటున్నాను.

పిల్లల దగ్గర కూర్చోవడం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరులో తెలుగు పండితుడిగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులే. శాస్త్రిగారి ‘కథలు గాథలు’ తెరవండి: ఒక సంగతి చెబుతూ ఇంకో సంగతిలోకి వెళ్లి, ఎదురుగా కూర్చుని కబుర్లాడుతున్నట్టే ఉంటుంది. అలాంటి మనిషి దగ్గర కూర్చున్న కుర్రాళ్లకు వ్యాకరణం ఒక్కటే అంటిందంటే నేను నమ్మను. ఆ గురువు పేరు వాళ్లు జీవితాంతం తలచుకున్నారు. మనకు పక్కనే ఉన్న కూచిపూడిలోనూ అంతే. అక్కడ నాట్యవిద్య గురువు ఇంట్లో, గురువు నడకను, మాటను కనిపెట్టుకుని ఉండగా వచ్చింది.

పిల్లలకు దగ్గరగా ఒక పెద్దమనిషి ఉండటం ఎంత ముఖ్యమో పరిశోధకులూ చెప్పారు. హవాయి దీవుల్లో ఒకదానిలో 1955లో పుట్టిన పిల్లల్ని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికంలో, కలతల ఇళ్లలో పెరిగినా నిలదొక్కుకున్నవాళ్లకు తమను పట్టించుకునే పెద్దమనిషి ఒకరైనా ఉన్నారని తేలింది. కొందరికి ఆ ఒక్కరు టీచరే.

టైం లేదంటారా? యాప్‌లో హాజరు, భోజనం ఫొటోలు, పరీక్షల మార్కుల నమోదు... ఒప్పుకుంటాను. కానీ అదే సాయంత్రం రీల్స్ చూడటానికి అరగంట ఎక్కడిది? పిల్లలు మాట వినడం లేదని స్టాఫ్‌రూంలో వాపోయే హక్కు, వాళ్ల మాట వినని మనకు లేదు. కటువుగా ఉందేమో, ఉండనివ్వండి. మీరు చెడ్డ టీచరు కారు, అలసిపోయారు. ఆ అలసటకు నాకు దొరికిన మందు కూడా ఈ పావుగంటే.

మిగతావి మీకు తెలిసినవే: పేర్లు పెట్టి పిలవండి, వేళకు నిద్రపోండి, పాఠ్యపుస్తకం కానిది ఏదైనా చదవండి, నలుగురిలో తిట్టకండి. పిల్లలెవరైనా తమపై జరిగే హింస గురించి చెబితే మాత్రం కడుపులో పెట్టుకోకండి. హెడ్మాస్టరుకు చెప్పండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

రేపు సాయంత్రం బెల్లు కొట్టాక తాళం జేబులోనే ఉంచి వరండాలోకి రండి. మొదటిరోజు ఎవరూ మాట్లాడకపోతే ఎల్లుండి కూడా రండి.