ఎమ్మెస్సీ చేతిలో ఉంది, సిమ్యులేషన్‌లోకి దారి ఏది?

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కెమిస్ట్రీలోనో బయోటెక్నాలజీలోనో ఎమ్మెస్సీ చేసి, రొయ్యల ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేస్తున్నవారి కోసం ఈ మాటలు. మీరు రోజూ వినే తెల్లమచ్చ వైరస్ పైపొరలో వీపీ28 అనే ప్రోటీన్ ఉంది. దాని నిర్మాణం 2007లోనే అచ్చయింది. ప్రోటీన్ డేటా బ్యాంకులో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఇలాంటి ప్రోటీన్ కణత్వచం మీద ఎలా వాలుతుంది, ఎంత లోతుకు దిగుతుంది అన్నది కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఇప్పుడు ఉద్యోగమిచ్చే విద్య. పరిశోధన సంస్థలకూ మందుల కంపెనీలకూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

అయితే వీపీ28తో మాత్రం మొదలుపెట్టకండి, కొత్తవాళ్లకు అది పెద్ద బరువు. తేనెటీగ విషంలోని మెలిటిన్ తీసుకోండి. 26 అమైనో ఆమ్లాలే. దాని మీద ప్రయోగాలు విస్తారంగా జరిగాయి కాబట్టి మీ లెక్క సరైనదో కాదో పోల్చి చూసుకోవచ్చు.

ఈ లెక్కలు నడిపే గ్రోమాక్స్ ఉచిత సాఫ్ట్‌వేర్. త్వచాన్ని కట్టి ఇవ్వడానికి చార్మ్-జీయూఐ ఉంది. ప్రతి పరమాణువునూ లెక్కిస్తే ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లే. ఒక్క మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి, మామూలు ల్యాప్‌టాప్ వల్ల అయ్యే పని కాదు. అందుకే మార్టిని నేర్చుకోండి. హైడ్రోజన్లు పక్కన పెడితే సుమారు నాలుగేసి పరమాణువులను ఒక పూసగా కలిపేసే పద్ధతి అది. దానికో పరిమితి ఉంది: మెలిటిన్ త్వచాన్ని తాకి హెలిక్స్‌గా చుట్టుకోవడాన్ని అది చూపలేదు, ఆ ఆకారాన్ని మనమే ముందు బిగించి ఇవ్వాలి. ఈ సంగతి మీ రిపోర్టులో రాయండి. చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కలిగేది అక్కడే.

ప్రోటీన్ పెట్టకముందే ఖాళీ త్వచాన్ని నడిపి చూడండి. 30 డిగ్రీల దగ్గర పీవోపీసీ అనే లిపిడ్‌తో కట్టిన త్వచంలో ఒక్కో లిపిడ్ దాదాపు 64 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు తీసుకోవాలి. అంకె బాగా తేడాగా వస్తే ముందుకు పోవద్దు. తర్వాత ఒకే పరుగును నమ్మకండి, వేర్వేరు ఆరంభ వేగాలతో కనీసం మూడుసార్లు నడపండి. గాలివానకు కరెంటు పోతుందన్న భయం అక్కర్లేదు. గ్రోమాక్స్ మామూలుగా ప్రతి పావుగంటకూ చెక్‌పాయింట్ ఫైలు రాసుకుంటుంది, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఈ రంగంలో మంచి పని ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ సీసీఎంబీ వైపు చూడండి. అక్కడ అమితాభ ఛటోపాధ్యాయ సెరటోనిన్ 1ఏ రిసెప్టర్ పనిచేయడానికి త్వచంలో కొలెస్టరాల్ ఎంత అవసరమో ఏళ్ల తరబడి ప్రయోగాల్లో చూపించారు. ఆ కొలెస్టరాల్ రిసెప్టర్‌కు ఎక్కడ అంటుకుంటుందో పుణెలోని ఎన్‌సీఎల్‌కు చెందిన దుర్బా సేన్‌గుప్తా ఆయనతో కలిసి మార్టినితో లెక్కగట్టారు. 2012లో వచ్చిన ఆ పత్రాన్ని ఓపికగా చదవండి. ప్రయోగం ముందు నడిచి, లెక్క దాని వెంట నడవడం అందులో కనిపిస్తుంది. నా దృష్టిలో ఏ సర్టిఫికెట్ కోర్సూ దానికి సాటి రాదు.

తర్వాత ప్రొఫెసర్లకు ఉత్తరం రాయండి. ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది. ‘నాకు ఆసక్తి ఉంది సార్’ అని మాత్రమే రాస్తే జవాబు రాదు. మెలిటిన్ త్వచంలో ఎంత లోతున ఉందో చూపే ఒక గ్రాఫు, మూడు పరుగుల మధ్య తేడా, తెలిసిన ప్రయోగంతో పోలిక, అన్నీ ఒక్క పేజీలో పెట్టి పంపండి. ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టుల ప్రకటనలు సంస్థల వెబ్‌సైట్లలో వస్తుంటాయి, వారానికోసారి చూడండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం.

అంతవరకు ల్యాబ్ ఉద్యోగం మానకండి. రాత్రి పడుకునే ముందు పరుగు పెట్టి, పొద్దున డ్యూటీకి వెళ్లేలోపు చూసుకోగలిగిన పని ఇది.