కంప్యూటరు పెట్టెలో సౌండ్ కార్డుకు చోటెక్కడ?

మాటలను విని అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రామును తయారు చేయాలని ఒకరు పూనుకున్నారనుకోండి. లెక్కలు త్వరగా తేలడానికి ఆయన కంప్యూటరులో రెండు గ్రాఫిక్స్ కార్డులు ఉన్నాయి. గొంతులను శుభ్రంగా రికార్డు చేయడానికి ఇప్పుడొక సౌండ్ కార్డు తెచ్చారు. ఖాళీగా కనిపించిన స్లాటులో గుచ్చేస్తే పని అయిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఒక చోట పెడితే గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరాడదు. ఇంకో చోట పెడితే దాని దారి ఇరుకవుతుంది. మరో చోట పెడితే రికార్డింగులో సన్నని రొద వినిపిస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే మీరు తరగతిలో చదివే భౌతిక శాస్త్రమే చాలు.

ముందు కొంచెం చరిత్ర. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానిలో ఉన్నది ఒక చిన్న స్పీకరు. 'కీ'మనడం తప్ప దానికి పెద్దగా సంగీతం రాదు. 1987లో యాడ్‌లిబ్ కార్డు, 1989లో సింగపూరు సంస్థ క్రియేటివ్ వారి సౌండ్ బ్లాస్టరు వచ్చాక కంప్యూటరుకు నిజమైన గొంతు వచ్చింది. తరువాత ఆ పనిని మదర్‌బోర్డు మీదనే ఉండే ఒక చిన్న చిప్పుకు అప్పగించారు. కనుక పాటలు వినడానికీ, పాఠాలు చూడడానికీ నేడు విడిగా సౌండ్ కార్డు అక్కరలేదు. అవసరమల్లా జాగ్రత్తగా రికార్డు చేసేవారికే.

గ్రాఫిక్స్ కార్డులను జంటగా వాడడం కూడా పాతదే. 1998 నాటి వూడూ2 కార్డులు రెండింటిని కలిపితే, తెర మీది గీతల్లో బేసివి ఒకటి, సరివి ఒకటి పంచుకొని గీసేవి. ఆటల కోసం జంట కార్డులు పెట్టే అలవాటు ఇప్పుడు దాదాపు పోయింది. అయితే వేలకొద్దీ గుణకారాలను ఒకేసారి చేయగలగడం వీటి ప్రత్యేకత గదా! అందుచేత శాస్త్ర గణనలకూ, యానిమేషన్ చిత్రాలకూ, కృత్రిమ మేధకూ రెండు, నాలుగు కార్డులు పెట్టుకొనేవారున్నారు.

ఎంత దారి కావాలి?

ఇప్పటి కార్డులు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అనే పద్ధతిలో పనిచేస్తాయి. ఇది 2003లో వెలువడింది. దీనిలో సమాచారం లేన్ల మీద ప్రయాణిస్తుంది. లేను అంటే పెద్ద రోడ్డు మీద ఒక వరుస వంటిది. సౌండ్ కార్డుకు ఒక్క లేను ఉంటే చాలు. గ్రాఫిక్స్ కార్డుకు 16 లేన్లుంటాయి. దాని స్లాటు పొడవుగా ఉండడానికి కారణం అదే.

ఒక్క లేను నిజంగా చాలునా? లెక్క వేసి చూద్దాం. కాంపాక్ట్ డిస్కులోని సంగీతంలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతకు 16 బిట్లు. కుడి, ఎడమ అని రెండు చానళ్లు. 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. 8తో భాగిస్తే సెకనుకు 1,76,400 బైట్లు. మొదటి తరం పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క లేను మీద, ఒక్క దిశలో, సెకనుకు 25 కోట్ల బైట్లు పోగలవు. అంటే ఆ ఒక్క వరుస మీద సుమారు 1,400 పాటలు ఒకేసారి నడిచిపోతాయి! తరువాతి తరాల్లో వేగం ఇంకా పెరిగింది. సౌండ్ కార్డుకు దారి చాలదన్న భయమే అక్కరలేదు.

చిక్కు వేరొక చోట ఉన్నది. చిన్న కార్డును పొడవాటి స్లాటులో కూడా పెట్టవచ్చును. కంప్యూటరు ఆన్ చేయగానే కార్డూ, బోర్డూ ఎన్ని లేన్లు వాడుకోవాలో తమలో తాము తేల్చుకుంటాయి. కాని మామూలు ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కోసం కేటాయించిన లేన్లు సాధారణంగా 16 మాత్రమే. రెండు కార్డులుంటే కొన్ని బోర్డులు వీటిని 8, 8గా పంచుతాయి. మూడవ పొడవాటి స్లాటు కూడా ఆ పదహారులోనే వాటాదారు అయిన బోర్డులో సౌండ్ కార్డును అక్కడ పెడితే, పంపకం 8, 4, 4 అవుతుంది. సౌండ్ కార్డు ఒక్క లేను వాడుకొని మిగిలిన మూడింటిని ఊరకే అట్టిపెడుతుంది. రెండవ గ్రాఫిక్స్ కార్డుకు దారి సగమవుతుంది. ప్రాసెసరుతో కాక చిప్‌సెట్‌తో కలిసిన స్లాటయితే ఈ బాధ లేదు. ఏ స్లాటు దేనితో కలుస్తుందో బోర్డుతో వచ్చే పుస్తకంలో పట్టికగా ఇస్తారు. చాలామంది విప్పి చూడని పుస్తకం అది!

గాలి ఆడే సందు

స్లాట్ల మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు, అంటే 0.8 అంగుళం. మామూలు ఎ.టి.ఎక్స్. బోర్డులో ఇలాంటి స్థానాలు ఏడు ఉంటాయి. ప్రాసెసరు వైపు నుంచి 1, 2, 3 అని లెక్కించండి. గ్రాఫిక్స్ కార్డులు 1లోనూ, 4లోనూ ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు స్థానాల మందం. కనుక 1, 2, 4, 5 నిండిపోయినవి. 2లో చిన్న స్లాటున్నా అది కార్డు కింద మూసుకుపోయినట్లే. మిగిలినవి 3, 6, 7. మన బోర్డులో 3, 7 స్థానాల్లో స్లాట్లున్నాయనుకుందాం.

నిలువు పెట్టెలో గ్రాఫిక్స్ కార్డుల ఫ్యాన్లు సాధారణంగా కిందికి చూస్తుంటాయి. 3వ స్థానంలో సౌండ్ కార్డు పెడితే పై కార్డు గాలి పీల్చుకొనే ఒక్కగానొక్క సందుకు అడ్డం పడుతుంది. 300 వాట్ల కార్డులు రెండు పూర్తి స్థాయిలో పనిచేస్తే 600 వాట్ల వేడి పుడుతుంది. అంటే మూసిన పెట్టెలో చిన్న ఇస్త్రీపెట్టె వెలిగించినట్లే! వేడి మితిమీరితే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 7లో పెడితే 6వ స్థానం ఖాళీగా ఉండి కింది కార్డుకు గాలి అందుతుంది. నా ఓటు దానికే. అయితే కొన్ని బోర్డుల్లో ఈ అడుగు స్లాటు, ఎం.2 రకం స్టోరేజి ఒకే లేన్లను పంచుకుంటాయి. ఒకటి వాడితే రెండవది పనిచేయదు. మళ్లీ ఆ పుస్తకమే చూడాలి.

రొద ఎక్కడిది?

300 వాట్లను 12 ఓల్టులతో భాగిస్తే 25 ఆంపియర్లు. స్లాటు నుంచి 75 వాట్లకు మించి రాదు కనుక మిగిలినది విడి తీగల ద్వారా వస్తుంది. ఈ ప్రవాహం నిలకడగా ఉండదు. పని పెరిగినప్పుడు ఎగసి, తగ్గినప్పుడు పడిపోతూ ఉంటుంది. మారే ప్రవాహం చుట్టూ అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. ఆ క్షేత్రంలో ఉన్న తీగలో ఓల్టేజి పుడుతుంది. ఇది ఫారడే 1831లో కనిపెట్టిన విషయమే.

పుట్టే ఓల్టేజి చాలా స్వల్పం. కాని సౌండ్ కార్డు కొలిచేది కూడా స్వల్పమే! 16 బిట్లతో 65,536 మెట్లు ఏర్పడతాయి. 2 ఓల్టుల పరిధిని అన్ని మెట్లుగా విభజిస్తే ఒక్కో మెట్టు సుమారు 30 మైక్రోఓల్టులు. అంతటి కుదుపు కూడా రికార్డులో ఒక మెట్టుగా నమోదవుతుంది. 24 బిట్ల కార్డులో మెట్లు 1,67,77,216. అక్కడ ఒక మెట్టు మైక్రోఓల్టులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ. కనుకనే దూరం ముఖ్యం. గ్రాఫిక్స్ కార్డుకు ఎంత ఎడంగా ఉంటే ప్రేరణ అంత తగ్గుతుంది. మైకు తీగను విద్యుత్తు తీగల పక్కన చుట్టలు చుట్టి పడేయకూడదు.

కార్డులు మూడేసి స్థానాల మందం ఉన్నవైతే ఆరు స్థానాలూ నిండిపోతాయి. 7లో పెట్టే సౌండ్ కార్డు కింది ఫ్యానుకు ఆనుకొని ఉంటుంది. అప్పుడు పట్టుదలకు పోకుండా పెట్టెకు వెలుపల ఉండే యు.ఎస్.బి. సౌండ్ పరికరం వాడడం మేలు. దాని సున్నితమైన భాగాలు పెట్టెలోని వేడికీ, రొదకూ దూరంగా ఉంటాయి.

కార్డు బిగించేవారు ముందు ప్లగ్గు తీసి, ఆన్ బటన్ను కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కలను ఎత్తిన ప్రయోగం చేశారు గదా! అదే స్థిర విద్యుత్తు వేలి కొన నుంచి దూకితే చిప్పు పాడవుతుంది. పెట్టె లోహాన్ని తాకి ఆ తరువాతే కార్డును, అదీ అంచులతో, పట్టుకోవాలి.

అంతా బిగించాక శబ్దం రాకపోతే వెంటనే కార్డును అనుమానించకండి. గ్రాఫిక్స్ కార్డులు కూడా తెరకు పోయే తీగలోనే ధ్వనిని పంపగలవు. కనుక కంప్యూటరులోని జాబితాలో నాలుగైదు ధ్వని మార్గాలు కనిపిస్తాయి. సరైనదాన్ని మనమే ఎంచుకోవాలి. తరువాత ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం మౌనాన్ని రికార్డు చేయండి. గ్రాఫిక్స్ కార్డులకు పెద్ద లెక్క అప్పగించి, ఇంకొక నిమిషం మౌనాన్ని రికార్డు చేయండి. ఫ్యాన్ల హోరును మైకు పట్టుకొంటుంది కనుక రెండుసార్లూ మైకును పక్క గదిలో ఉంచాలి. రెండింటినీ ఒకే స్థాయిలో పెద్దగా వినండి. రెండవదానిలో కొత్తగా కీచుమనే ధ్వని ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.