శ్రమ వేరు, ఉగ్రత వేరు

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

సంఘం ఎత్తబడేది మహాశ్రమలకు ముందా, మధ్యలోనా, తరువాతా అని అడిగావు. అన్ని పక్షాల పుస్తకాలూ చదివాననీ, ఏది చదువుతుంటే అదే సరైనదని తోచిందనీ రాశావు. అది నీ లోపం కాదమ్మా. ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం తమకు అనుకూలమైన వచనంతో మొదలుపెట్టి, తక్కిన వచనాలను దాని వెనక వరసలో నిలబెడతాయి. మొదలుపెట్టే చోటు మారితే చివర తేలేదీ మారుతుంది. కనుక మనం అందరూ ఒప్పుకునే చోటు నుంచి బయల్దేరుదాం. దేవుడు తన ప్రజలను ఉగ్రతపాలు కావడానికి నియమించలేదని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు అన్నాడు. ఈ మాటను కాదనే పక్షం ఒక్కటీ లేదు. పేచీ అంతా రెండు ప్రశ్నల దగ్గర ఉంది. ఆ ఉగ్రత ఎక్కడ మొదలవుతుంది? దేవుడు తనవాళ్లను దాని నుంచి తప్పించేది లోకంలోంచి తీసుకుపోయా, లోకంలోనే ఉంచి కాపాడా?

శ్రమలకు ముందే అనేవారు దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బయ్యో వారాన్ని, అంటే కడవరి ఏడేళ్లను, మొత్తంగా ఉగ్రత కిందే లెక్కవేస్తారు. ముద్రలు విప్పేది గొర్రెపిల్లే గనుక మొదటి ముద్ర నుంచీ జరిగేదంతా దేవుని తీర్పే అంటారు. మధ్యలో అనేవారి లెక్కలో దేవుని ఉగ్రత ఏడో బూరతో మొదలవుతుంది. కొరింథీయులకు పౌలు రాసిన కడబూర అదేనని వాళ్లు నమ్ముతారు. 1990లో మార్విన్ రోసెంతాల్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన వాదం ఇంకొకటుంది. ఆరో ముద్ర విప్పినప్పుడు సూర్యుడు నల్లబడ్డాక, ఉగ్రత దినం వచ్చేసిందని మనుషులు కొండల్లో దాక్కుంటారు గదా, ఎత్తబడేది ఆ సమయంలో, ఉగ్రతకు కాస్త ముందు అని ఆ వాదం. తరువాత అనేవారు, సంఘాన్ని తరిమేది క్రూరమృగమనీ, ఉగ్రతా పాత్రలు కుమ్మరించబడేది ఆ మృగాన్ని పూజించేవాళ్ల మీదనీ చెప్పి, శ్రమనూ ఉగ్రతనూ విడదీస్తారు. ఇక అగస్టీన్ బాటలో నడిచే కాథలిక్కులకూ, సంస్కరణ సంఘాల్లో చాలామందికీ ఈ ఏడేళ్ల లెక్కే లేదు. ప్రభువు ఒక్కసారే వస్తాడు, పునరుత్థానమూ తీర్పూ అప్పుడే. లేఖనాల మొగ్గు శ్రమల తరువాత అనే వైపు ఉందని నేను నమ్ముతాను. ఎందుకో చెబుతాను, ఆ వాదం ఎక్కడ బలహీనమో అదీ దాచను.

ముందు ఆ ప్రసిద్ధమైన భాగం, మొదటి థెస్సలొనీకయుల పత్రిక నాలుగో అధ్యాయం. అక్కడ సంఘం అడిగింది కాలపట్టిక గురించి కాదు. తమలో చనిపోయినవాళ్లు ప్రభువు రాకడ భాగ్యానికి దూరమైపోయారేమోనన్న దిగులు వాళ్లది. ముందు మృతులే లేస్తారు, తరువాత బతికున్నవాళ్లం వాళ్లతో కలిసి మేఘాల మీద కొనిపోబడతాం అని పౌలు ఓదార్చాడు. కొనిపోబడి చేసే పనికి మన తెలుగు బైబిలు వాడిన మాట 'ఎదుర్కొనుట'. మూలంలోని గ్రీకు పదం 'అపాన్తేసిస్' కొత్త నిబంధనలో ఇంకో రెండు సందర్భాల్లో వస్తుంది. మత్తయి 25లో కన్యకలు పెండ్లికుమారుణ్ని ఎదుర్కోవడానికి బయటికి వెళతారు. అపొస్తలుల కార్యాల చివరి అధ్యాయంలో రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా వచ్చి పౌలును ఎదుర్కొంటారు. రెండు చోట్లా ఎదురువెళ్లినవాళ్లు వచ్చినవాడితో కలిసి అతను వెళ్లే చోటికే నడిచారు. పెళ్లిలో ఎదుర్కోలు చూసిన తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మేళతాళాలతో మగపెళ్లివారికి ఎదురువెళ్లిన వాళ్లు అక్కణ్నుంచి వాళ్ల ఊరికి ప్రయాణం కట్టరు, వాళ్లను వెంటబెట్టుకుని విడిదికి తీసుకొస్తారు. అయితే ఒక్క పదం మీద సిద్ధాంతం కట్టకూడదు. తండ్రి ఇంట్లో స్థలం సిద్ధపరచి తిరిగి వచ్చి తన దగ్గరికి తీసుకుపోతానని ప్రభువు చెప్పిన యోహాను 14ను అవతలివారు చూపిస్తారు, చూపించే హక్కు వాళ్లకుంది. కనుక ఈ పదాన్ని తోడు సాక్షిగా తీసుకో. ప్రధాన సాక్షి రెండో పత్రిక.

ప్రభువు దినం అప్పుడే వచ్చేసిందని ఎవరో కలవరపెడితే, ఆ సంఘానికి పౌలు రాసిన జవాబు రెండో పత్రిక రెండో అధ్యాయం. శ్రమలకు ముందే ఎత్తబడతారని అంతకుముందు ఆయన నేర్పి ఉంటే జవాబు ఒక్క వాక్యంలో తేలిపోయేది: మీరింకా ఇక్కడే ఉన్నారు గదా, ఆ దినం ఎలా వచ్చినట్టు? ఆయన అలా అనలేదు. ముందు భ్రష్టత్వం రావాలి, పాపపురుషుడు బయలుపడాలి, అంతవరకూ ఆ దినం రాదు అన్నాడు. భ్రష్టత్వమని అనువదించిన 'అపొస్తసియా' అనే గ్రీకు మాటకు వెళ్లిపోవడమని అర్థం చెప్పి, అది ఎత్తబడడమేనని కొందరు వాదించారు. కానీ అపొస్తలుల కార్యాలు 21:21లో అదే మాట మోషేను విడిచిపెట్టడం గురించి వస్తుంది. విశ్వాసాన్ని వదిలేయడం, తిరగబడడం దాని వాడుక. పైగా ఈ అధ్యాయం మొదటి వచనంలో మనం ప్రభువు దగ్గర కూడుకోవడం అనే మాట ఉంది. మత్తయి 24లో శ్రమలైన వెంటనే దూతలు ఏర్పరచబడినవాళ్లను పోగుచేస్తారని చెప్పిన చోట వాడిన క్రియ, ఈ మాట, రెండూ ఒకే ధాతువువి. మత్తయి 24 ఇశ్రాయేలుకు చెప్పింది, సంఘానికి కాదు అని ఆక్షేపణ. కానీ మేఘాలు, బూర, దూతలు, పోగుచేయడం, దొంగలా రావడం, ఇవన్నీ అన్యజనులే ఎక్కువగా ఉన్న సంఘానికి రాసిన పత్రికల్లోకి పౌలు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు బలమైన ఆక్షేపణలకు వస్తాను. మొదటిది ప్రకటన 3:10. లోకమంతటి మీదికీ రాబోయే శోధన గడియ నుంచి కాపాడతానని ఫిలదెల్ఫియ సంఘానికి వాగ్దానం. అక్కడి క్రియ, దాని పక్కనున్న 'నుండి' అనే మాట, రెండూ జంటగా కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే కనిపిస్తాయి: యోహాను 17:15. వీళ్లను లోకంలోంచి తీసుకుపొమ్మని అడగడం లేదు, దుష్టుని నుంచి కాపాడమంటున్నాను అని ప్రభువు ప్రార్థించిన చోటు అది. గడియ నుంచి అంటే ఆ కాలంలోనే ఉండకుండా అని అర్థం గదా అంటావా? యోహాను 12:27లో ఈ గడియ నుంచి తప్పించు అనే మాట ఎత్తి, ఆ గడియలోకే నడిచినవాడు ప్రభువు. ఆ మాటకు బరువు గడియారంలో లేదు, అనుభవంలో ఉంది. ఐగుప్తు మీద తెగుళ్లు పడుతున్నప్పుడు ఇశ్రాయేలీయులు ఐగుప్తు దేశంలోనే, గోషెనులోనే ఉన్నారు. ప్రకటన నాలుగో అధ్యాయం నుంచి తీర్పులు ముగిసేదాకా 'సంఘం' అనే మాట రాదు అని మరో ఆక్షేపణ. నిజమే. కానీ ఆ అధ్యాయాల్లో పరలోక దృశ్యాల్లోనూ ఆ మాట లేదు. ఉన్నది 'పరిశుద్ధులు', మృగం వాళ్లతో యుద్ధం చేస్తుంది.

ప్రభువు ఏ క్షణాన్నయినా రావచ్చన్న నిరీక్షణ పోతుంది గదా అన్న ఆక్షేపణే విశ్వాసుల మనసుకు ఎక్కువ తగిలేది. నాకూ అది చిన్న విషయం కాదు. మెలకువగా ఉండండి అన్న ఆజ్ఞ కొత్త నిబంధన పొడవునా వినిపిస్తుంది. అయినా ఆ ఆజ్ఞ మొదట విన్నవాళ్లెవరో చూడు. పేతురుతో నువ్వు ముసలివాడివయ్యాక నిన్ను కట్టి ఇష్టంలేని చోటికి తీసుకుపోతారని ప్రభువు చెప్పాడు. పౌలుతో రోమాలోనూ సాక్ష్యమివ్వాలని చెప్పాడు. ఆ సంగతులు జరిగేదాకా రాకడ లేదని వాళ్లిద్దరికీ తెలుసు, అయినా మెలకువగానే బతికారు. అవన్నీ మొదటి శతాబ్దంలోనే నెరవేరాయి, ఇక అడ్డమేముంది అని జవాబు చెబుతారు. నా ప్రశ్న అడ్డం గురించి కాదు, ఆజ్ఞ అర్థం గురించి. ముందు జరగవలసినవి తెలిసినవాళ్లకే ఆ ఆజ్ఞ ఇచ్చినప్పుడు, మెలకువ అంటే ముందు ఏదీ జరగకూడదన్న షరతు కాజాలదు.

నేను పూర్తిగా జవాబు చెప్పలేని ఆక్షేపణ ఒకటుంది. శ్రమల చివర విశ్వాసులందరూ మహిమ శరీరాలు పొందితే, వెయ్యేండ్ల పాలనలో పిల్లల్ని కని, పొలాలు దున్ని బతికే మనుషులెవరు? మత్తయి 25లోని గొర్రెలు, మేకల తీర్పులో భూమి మీద విడదీయడానికి నీతిమంతులు ఎలా మిగిలారు? యెరూషలేము మీదికి వచ్చిన జనాల్లో శేషించినవాళ్లు ఏటేటా ఆరాధనకు వస్తారని జెకర్యా 14 చెప్పేది నాకు కొంత ఆసరా. ప్రభువును కన్నులారా చూసి తిరిగే ఇశ్రాయేలు శేషం ఇంకొంత. రెండూ కలిపినా కొన్ని అతుకులు బయటికి కనబడుతూనే ఉంటాయి. ఈ చోట శ్రమలకు ముందు అనేవారి చిత్రం నా చిత్రం కంటే పొందికగా ఉంది. మొత్తం సాక్ష్యం తూచితే ఈ ఇబ్బంది కంటే రెండో థెస్సలొనీకయుల పత్రిక వాళ్లకు కలిగించే ఇబ్బంది పెద్దదని నా నిర్ణయం.

చరిత్రను మాత్రం కర్రగా వాడకు. రెండో శతాబ్దపు ఇరేనియస్ క్రీస్తు విరోధి చేతిలో సంఘం శ్రమపడుతుందని రాశాడన్నదీ, శ్రమలకు ముందు అనే బోధ విస్తరించింది 1830ల తరువాత జాన్ నెల్సన్ డార్బీ ద్వారా, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ద్వారా అన్నదీ నిజం. కానీ కొత్తది గనుక తప్పు అంటే సంస్కరణోద్యమం ముందు మనం నిలబడలేం. మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అనే స్కాట్లండు యువతి దర్శనం నుంచి డార్బీ ఆ బోధను దొంగిలించాడన్న ఆరోపణకు గట్టి రుజువు లేదు; దాన్ని వల్లించకు. చరిత్ర నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది. డార్బీ ఉన్న బ్రదరెన్ సహవాసంలోనే బెంజమిన్ న్యూటన్, ట్రెగెల్లెస్, జార్జి ముల్లర్ శ్రమల తరువాత అనే నమ్మారు. ఆంథొనీ గ్రోవ్స్‌తో కలిసి 1836లో ఓడెక్కి, నర్సాపురం ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దంపతులు ఆ సహవాసంవారే. అంటే గోదావరి డెల్టాలో ఆ సహవాసం అడుగుపెట్టిన రోజుల్లో ఈ ప్రశ్న వాళ్ల స్వదేశంలో ఇంకా తేలలేదు. ముందు అనేవారు శ్రమకు భయపడి అలా నమ్ముతారని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అలా నమ్మినవాళ్లలో ఎందరో ప్రాణాలకు తెగించి సేవ చేశారు. నా భయమల్లా శ్రమ రాదని మాత్రమే విని పెరిగిన విశ్వాసి గురించి. అతనికి నిజంగా శ్రమ వచ్చిన రోజున దేవుడే మాట తప్పాడనుకుంటాడు. ఆదివారపు బడిలో నువ్వు పాఠం చెప్పే పిల్లలకు ఉగ్రత లేదని ఎంత గట్టిగా చెబుతావో, శ్రమ ఉండదని నేను మీకు మాటివ్వలేనని కూడా అంత స్పష్టంగా చెప్పు.

ఇక నువ్వు చేయవలసిన పని. రెండు థెస్సలొనీకయుల పత్రికలనూ ఒకే బిగిన, ఏ వ్యాఖ్యానమూ తెరవకుండా, ఆ ఊరివాళ్లు మొదట విన్నట్టు చదువు. ఆ తరువాత 1956లో వచ్చిన జార్జి లాడ్ పుస్తకమూ, 1957లో వచ్చిన జాన్ వాల్వూర్డ్ పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు ఏ వచనాన్ని దాటేశారో పెన్సిలుతో గుర్తుపెట్టు. దానియేలు డెబ్బయి వారాల మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది నేనీ ఉత్తరంలో ముట్టుకోలేదు. నీ గుర్తులు అందాక దాని గురించి రాస్తాను.

ప్రభువునందు,
నీ పెద్దనాన్న